‘చిక్కిపోయావు’ ఎప్పుడు పొగడ్త అయింది?

సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లను గుమ్మంలో చూడగానే అమ్మమ్మ నోట వచ్చే మొదటి మాట ఒకటుండేది: ‘చిక్కిపోయావేంటే తల్లీ, అక్కడ తిండి సరిగ్గా పెట్టడం లేదా?’ ఆ మాట నిండా దిగులే. ‘కాస్త ఒళ్లు చేసింది’ అంటే పిల్ల ముఖాన కళ వచ్చిందని, కష్టాలు గట్టెక్కాయని, కంటినిండా నిద్రపోతోందని అర్థం. ‘బొద్దుగా ఉంది’ అన్నది ముద్దు మాట. ఇప్పుడు అదే గుమ్మంలో అదే పిల్లకు వినిపించే మాటలు వేరు. ‘భలే సన్నబడ్డావే, ఏం డైట్ చేస్తున్నావ్?’ అన్నది మెచ్చుకోలు. ‘ఏంటి, ఇంత లావయ్యావ్?’ అన్నది నేరం మోపడం. మాటల విలువ ఇలా తలకిందులు కావడానికి మామూలుగా తరాలు పడుతుంది. మన ఇళ్లలోకి కేబుల్ టీవీ వచ్చి, ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ ప్రతి అరచేతిలోకి చేరేలోపే అది జరిగిపోయింది. దీనికి సినిమాను, టీవీని, ఇన్‌స్టాగ్రామ్‌ను తిట్టి ఊరుకోవడం తేలిక. ఆ తిట్లలో న్యాయం ఉంది కానీ అది సగం న్యాయమే. కొలబద్దను తయారు చేసి పంపింది తెర. దాన్ని పిల్లల ఒంటికి ఆనించి రోజూ కొలుస్తున్నది మనం. ఈ రెండో సగాన్ని ఒప్పుకోకపోతే ఎన్ని ఫోన్లు లాక్కున్నా, ఎన్ని నీతులు చెప్పినా పిల్లల్లో తమ ఒంటి మీద పుట్టిన ఏవగింపు పోదు.

తెర రాకముందు ఎలా ఉండేది, వచ్చాక ఏమైంది అన్న తేడా కళ్లకు కట్టినట్టు కనిపించిన చోటు ఫిజీ. చెరకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కి వెళ్లిన దీవులే అవి. అక్కడి మూలవాసులకు దిట్టమైన ఒళ్లు అందానికీ, ఇంటివాళ్ల ఆదరణకూ గుర్తు. ఎవరికైనా ఆకలి మందగించి ఒళ్లు తగ్గితే దాన్ని జబ్బుగా ఎంచి మూలికలు తాగించేవారు. నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్‌లో పనిచేసే మానసిక వైద్యురాలు, మానవశాస్త్రవేత్త ఆన్ బెకర్ ఆ ఏడాది ఒకసారి, 1998లో మరోసారి అక్కడి హైస్కూలు అమ్మాయిలను వాళ్ల తిండి గురించి, ఒంటి గురించి అడిగి తెలుసుకున్నారు. తిండి విషయంలో ప్రమాదకర ధోరణిని సూచించే స్కోరు వచ్చినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గాలని తిన్నది కక్కుకునేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్లు తిరిగేసరికి 11.3 శాతం తేలారు. తాము మరీ లావుగా ఉన్నామనిపిస్తోందని 74 శాతం చెప్పారు. అంతకన్నా ఆలోచింపజేసే సంగతి వాళ్లు చెప్పిన కారణం. విదేశీ సీరియళ్లలోని నాయికల్లా ఉంటే ఉద్యోగం వస్తుందని, జీవితంలో పైకి రావచ్చని ఆ అమ్మాయిలు నమ్మారు. అంటే సన్నని ఒళ్లు వాళ్లకు ఎదుగుదల నిచ్చెనగా కనిపించింది. తెర అమ్మింది ఒక ఆకారాన్ని ఒక్కదాన్నే అయితే పిల్లలు ఇంతగా లొంగేవారు కాదు. దానికి గౌరవాన్ని, విజయాన్ని ముడివేసి అమ్మింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆ మూడేళ్లలో ఫిజీలో మారింది టీవీ ఒక్కటేనా? చదువులు, ఉద్యోగాలు, పట్నాల రాకపోకలు కూడా మారి ఉంటాయి కదా? రెండుసార్లూ అడిగింది వేర్వేరు అమ్మాయిలను, అదీ అరవై పైచిలుకు మందిని మాత్రమే. పైగా తన ఒంటి గురించి ముందే బాధపడే పిల్లే అలాంటి వీడియోలు వెతుక్కుంటుందేమో, బాధకు వీడియో కారణం కాకపోవచ్చు కదా? నిజమే, ఫిజీ లెక్క ఒక్కదానితో తీర్పు చెప్పలేం. అందుకే తర్వాతి సాక్ష్యాలూ చూడాలి. అమెరికాలోని మిన్నెసోటాలో వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, పత్రికల్లో డైటింగ్ వ్యాసాలు తరచూ చదివే అమ్మాయిలు ఐదేళ్ల తర్వాత ఏం చేస్తున్నారో చూశారు. అసలు చదవనివాళ్లతో పోలిస్తే, కడుపు మాడ్చుకోవడం, పూట మానేయడం లాంటివి చేసే అవకాశం వాళ్లలో రెండు రెట్లు ఉంది. కక్కుకోవడం, విరేచనాల మందు మింగడం వంటి తీవ్రమైన పనులకు దిగే అవకాశం మూడు రెట్లు ఉంది. ఇక్కడ ముందు చదివారు, తర్వాత చేశారు. కెనడాలో అయితే నేరుగా ప్రయోగమే చేశారు. సోషల్ మీడియా బాగా వాడే, దిగులు లక్షణాలున్న 17 నుంచి 25 ఏళ్ల విద్యార్థులు 220 మందిని తీసుకుని, కొందరిని మూడు వారాలపాటు రోజుకు గంటకు మించకుండా చూడమన్నారు. మిగతావాళ్లను వాళ్ల మానాన వదిలేశారు. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం, తగ్గించినవాళ్లకు తమ రూపం మీద, బరువు మీద ఉన్న అభిప్రాయం మెరుగుపడింది. మిగతావాళ్లలో ఆ మార్పు లేదు. వాళ్లను మార్చమన్నది ఒంటి బరువును కాదు, అద్దాన్ని కాదు. చూసే సమయం తగ్గిందంతే. బాధ ముందా, వీడియో ముందా అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకడం కష్టం.

ఆ వీడియో ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ముప్పై సెకన్ల రీల్. మొదటి నాలుగు సెకన్లు ‘అప్పుడు’: వదులు చొక్కా, పక్క నుంచి వెలుతురు, వంగిన భుజాలు, వదిలేసిన పొట్ట. తర్వాత ‘ఇప్పుడు’: బిగుతు దుస్తులు, ఎదురుగా మెత్తటి వెలుతురు, నిటారుగా నిలబడి బిగబట్టిన ఊపిరి, నడుమును ఇంకాస్త లోపలికి నొక్కే ఫిల్టర్. ఈ రెండూ గంట తేడాతో తీసినవైనా చూసేవాళ్లకు మూడు నెలల తపస్సు ఫలంలా కనిపిస్తాయి. చివర్లో ఒక పొడి డబ్బా, ఒక కూపన్ కోడ్. పదిహేనేళ్ల పిల్ల ఆ రీల్‌ను చివరిదాకా చూసి, మళ్లీ వెనక్కి తిప్పి నడుము దగ్గర ఆపితే, ఆ ఆగడమే యాప్‌కు సంకేతం. తర్వాత ఆ జాతి వీడియోలే ఎక్కువగా వస్తాయి. పిల్ల ఏమీ వెతకక్కర్లేదు. తన దిగులును ఒక్క క్షణం బయటపెడితే చాలు, యంత్రం దాన్ని పట్టుకుని మేపుతుంది. దీనివల్ల జరిగే హాని బయటివాళ్ల ఊహ కాదు. ఫేస్‌బుక్ సంస్థ సొంతంగా చేయించుకున్న పరిశోధన 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ద్వారా వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో బయటపడింది. తమ ఒంటి గురించి బాధగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం చెప్పినట్టు అందులో ఉంది. చాలామందికి తమ యాప్ మేలే చేస్తోందని సంస్థ బదులిచ్చింది. అది నిజమే అనుకుందాం. ముగ్గురిలో ఒకరికి గాయాన్ని రేపే వస్తువును మిగతా ఇద్దరు బాగానే ఉన్నారు కదా అని పిల్లల చేతికిస్తామా?

మన దగ్గర ఈ కథకు సినిమా అనే పెద్ద పాత్ర ఉంది. సావిత్రి, జమున నాయికలుగా వెలిగిన రోజుల్లో బొద్దుగా ఉండటం అభిమానానికి అడ్డు కాలేదు. 2008లో హిందీలో ‘తషన్’ కోసం కరీనా కపూర్ చిక్కినప్పటి నుంచి ‘సైజ్ జీరో’ అన్న మాట మన కాలేజీ ఆవరణల్లోకీ వచ్చేసింది. మగపిల్లలు ఈ గాలికి దూరంగా లేరు. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్, 2012లో ‘పూలరంగడు’ కోసం హాస్యనటుడు సునీల్ సిక్స్ ప్యాక్‌తో కనిపించాక, అది తెలుగు కుర్రాడికి మగతనపు ముద్ర అయిపోయింది. ఆ కండలు తెర మీద అలా తేలడానికి నెలల తరబడి శిక్షకుడు, వంటవాడు, షూటింగ్ ముందు నీళ్లు తగ్గించడం, లైటింగ్ కావాలన్న సంగతి పోస్టర్‌లో ఉండదు. ఇంటర్ చదివే కుర్రాడు ఆరు నెలల్లో అది రాకపోతే తప్పు తన ఒంటిదే అనుకుంటాడు. ప్రొటీన్ డబ్బాతో మొదలై, జిమ్‌లో ఎవరో చెప్పిన ఇంజక్షన్ దాకా వెళ్తాడు. మరోపక్క మన హాస్యం లావుపాటి మనిషిని మనిషిగా చూపించడమే తక్కువ. అతను నడిస్తే నేల అదరాలి, కూర్చుంటే కుర్చీ విరగాలి, ఆమె ప్రేమించానంటే అవతలివాడు పారిపోవాలి. డ్రమ్ము, పీపా, గున్నేనుగు అన్న పేర్లు తెర మీద నవ్వు తెచ్చి, మర్నాడు తరగతి గదిలో ఒక పిల్లకో పిల్లాడికో శాశ్వతంగా అతుక్కుంటాయి. 2015లో ‘సైజ్ జీరో’ సినిమా లావుపాటి అమ్మాయిని నాయికగా నిలిపి, సన్నబరుస్తామని చెప్పే కేంద్రాల మోసాన్ని ఎండగట్టింది. మెచ్చుకోదగ్గ ప్రయత్నం. అయినా బయట జరిగిన చర్చ ఎక్కువగా ఆ పాత్ర వేసిన అనుష్క ఎన్ని కిలోలు పెరిగారు, ఎప్పటికి తగ్గుతారు అన్నదాని చుట్టూనే తిరిగింది. తెర మారాలని చూసినా మన చూపు మారలేదు.

అందానికి కొలతలు ఇప్పుడు పుట్టాయా అని కొందరు అడుగుతారు. మన ప్రబంధ కవులు నాయిక నడుము ఉందో లేదో అన్నంత సన్నగా వర్ణించలేదా అంటారు. వర్ణించారు. కానీ ఆ నాయిక రాజకుమారి, గంధర్వ కన్య. పద్యం చదివిన పల్లెటూరి పిల్ల తనను ఆమెతో పోల్చుకుని అన్నం మానేయలేదు. ఆ నడుము అతిశయోక్తి అని చెప్పినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. రీల్‌లోని అమ్మాయి పక్క వీధి పిల్లలా ఉంటుంది, మన యాసలోనే మాట్లాడుతుంది, ‘నేను చేశాను, నువ్వూ చేయగలవు’ అంటుంది. అతిశయోక్తి ఇక్కడ వాస్తవం వేషం వేసుకొస్తుంది. రోజుకు వందసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఎవరికో డబ్బులు తెచ్చిపెడుతుంది. పాత కొలతకూ కొత్త కొలతకూ ఉన్న తేడా ఇదే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం వైద్యుల వైపు నుంచి వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఊబకాయం నిజమైన సమస్య కాదా? అవును, పెద్ద సమస్యే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశ సగటు 24 శాతమే. మధుమేహం, రక్తపోటు ప్రతి ఇంటి తలుపూ తడుతున్నాయి. అలాంటప్పుడు సన్నబడమని తెర చెబితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ అదే సర్వేలో ఉండాల్సినంత బరువు లేని మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 60.1 శాతం, తెలంగాణలో 64.7 శాతం. రీల్‌కు ఈ తేడా తెలియదు. రక్తం లేక నీరసపడుతున్న పిల్లకూ, నిజంగా బరువు తగ్గాల్సిన నలభై ఏళ్ల గృహిణికీ అది ఒకే మాట చెబుతుంది: తిండి మానెయ్. సిగ్గుపడితే తగ్గుతారన్న నమ్మకం కూడా లెక్కకు నిలవదు. అమెరికాలో 2,379 మంది అమ్మాయిలను పదో ఏట నుంచి పందొమ్మిదో ఏట దాకా గమనించిన అధ్యయనం 2014లో వచ్చింది. పదేళ్ల వయసులో ఇంటివాళ్లో, స్నేహితులో, టీచరో ‘నువ్వు మరీ లావు’ అన్న పిల్లలకు, అలా అనిపించుకోని పిల్లలకన్నా పందొమ్మిదేళ్లకు ఊబకాయులయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంది. మొదట్లో ఉన్న అసలు బరువును లెక్కలోంచి తీసేసినా ఆ తేడా నిలిచింది. మిన్నెసోటా పిల్లల్లోనూ అంతే. డైటింగ్ చేసినవాళ్లే ఐదేళ్ల తర్వాత ఎక్కువగా బరువు పెరిగారు. కారణం ఊహించలేనిది కాదు. అవమానం పిల్లను ఆటస్థలం నుంచి గదిలోకి తరుముతుంది. రోజంతా మాడ్చుకున్న కడుపు రాత్రి అదుపు తప్పుతుంది. పైగా తిండి మానమన్న రీల్ పక్కనే అదే తెర మీద కూల్‌డ్రింకు ప్రకటన, చిప్స్ ప్రకటన, బకెట్ బిర్యానీ వీడియో వస్తాయి. ప్రజల ఆరోగ్యం కోరే తెర అయితే ఈ రెండూ పక్కపక్కన ఉండవు. తినమని ఒకరు, తిన్నందుకు సిగ్గుపడమని మరొకరు డబ్బు చేసుకుంటున్నారు. మధ్యలో నలుగుతున్నది పిల్లలు.

అయితే ఫోన్ లాక్కుంటే సరిపోతుందా? ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలను నిషేధించింది. కొంత మేలు జరగవచ్చు. కానీ బెకర్ బృందమే ఫిజీలో 523 మంది అమ్మాయిలతో చేసి 2011లో ప్రచురించిన రెండో అధ్యయనం మనల్ని హెచ్చరిస్తోంది. అమ్మాయి స్వయంగా ఎంత టీవీ చూసింది అన్నదాని కంటే, ఆమె స్నేహబృందం ఎంత చూసింది అన్నదే తిండి సమస్యలతో గట్టిగా ముడిపడి కనిపించింది. తెర చూడని పిల్లకూ తెర సోకుతుంది, చుట్టూ ఉన్నవాళ్ల మాటల ద్వారా. ఇదే మన ఇళ్లకు అసలు పాఠం. పెళ్లింట్లో భోజనాల వరసలో పదహారేళ్ల పిల్ల రెండో జాంగ్రీ అందుకోబోతుంటే, ‘చాల్లేవే, రేపు పెళ్లికొడుకును వెతకొద్దా’ అని పెద్దమ్మ నవ్వుతూ అంటుంది. వరస మొత్తం నవ్వుతుంది. పిల్ల కూడా నవ్వి చేయి వెనక్కి తీసుకుంటుంది. ఆ క్షణంలో అక్కడ ఫోన్ లేదు, రీల్ లేదు. తెర కొలబద్ద మాత్రం ఉంది, ప్రేమగల చేతుల్లో ఉంది. వధువు కావాలనే ప్రకటనలో ‘సన్నగా, తెల్లగా’ అన్న మాటలు ఉన్నంతకాలం, బరువు తగ్గితే జీవితం బాగుపడుతుందన్న రీల్ మాట అబద్ధమని పిల్లకు ఎలా చెప్పగలం? ఆమెకు అది కళ్లెదుట రుజువవుతూనే ఉంది.

దీని చివరి మెట్టు ప్రాణం. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల టీవీ నటి కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స తర్వాత కన్నుమూసింది. 2025 మార్చిలో కేరళలో 18 ఏళ్ల విద్యార్థిని, ఆన్‌లైన్‌లో చూసిన డైట్ పాటిస్తూ నెలల తరబడి తిండి మానుకుని ప్రాణాలు కోల్పోయిందని వార్తలొచ్చాయి. ఇవి అరుదైనవే కావచ్చు. కానీ ఇంతదాకా రాకముందు కనిపించే గుర్తులు అరుదు కావు: నలుగురితో కలిసి తినడానికి వంకలు చెప్పడం, తిన్న వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్లడం, జుట్టు రాలడం, ఎప్పుడూ చలి అనడం, నెలసరి ఆగిపోవడం. మన ఇళ్లలో వీటిని ‘ఈ వయసు పిల్లలంతే’ అని కొట్టిపారేస్తాం, లేదంటే సన్నబడిందని మురిసిపోతాం. ఇది మొండితనం కాదు, వైద్యం అవసరమైన జబ్బు. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. ఆ పిలుపు పెద్దలే చేయాలి. జబ్బు ముదిరిన పిల్లకు తనకు జబ్బుందని తెలియకపోవచ్చు.

పరిహారాల్లో కొన్ని చట్టాల చేతిలో ఉన్నాయి, అవి కొత్తవి కూడా కానక్కర్లేదు. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం, మందుతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో స్థూలకాయాన్ని ఎప్పుడో చేర్చింది. దశాబ్దాలుగా ఉన్న ఆ నిషేధం గోడల మీది పోస్టర్ల దగ్గరా, ‘ఇది మందు కాదు, ఆహారం’ అన్న ముసుగు వేసుకున్న డబ్బాల దగ్గరా చేవ లేక నిలబడిపోయింది. దాన్ని రీల్స్ దాకా తీసుకెళ్లి అమలు చేయాలి. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతలు చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో నియమం పెట్టింది. అది స్వచ్ఛంద సంస్థ, జరిమానా వేసే అధికారం దానికి లేదు. ఆ నియమానికి ప్రభుత్వం పళ్లు తొడగాలి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల ప్రవర్తనను వెంబడించడాన్నీ, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలనూ వారించే నిబంధనతో వచ్చింది. నడుము దగ్గర ఆగిన చూపును పట్టుకునే యంత్రానికి ఇదే సరైన కళ్లెం. ఫ్రాన్స్ 2017 నుంచి, నార్వే 2022 నుంచి అమలు చేస్తున్నట్టు మార్చిన ఫొటో మీద ముద్ర వేస్తే చాలునని మాత్రం అనుకోవద్దు. ఆ ముద్రలు బాధను పెద్దగా తగ్గించడం లేదని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. అబద్ధమని తెలిసినా కన్ను పోల్చుకోవడం మానదు. అందుకే ఆ బొమ్మల రాకనే తగ్గించాలి. బడిలో అందరి ముందూ పిల్లలను తూచి బరువు బిగ్గరగా చదవడం ఆగాలి. ‘వారంలో ఐదు కిలోలు’ లాంటి శీర్షికలను పత్రికలు, చానళ్లు ఈ రోజే ఆపేయవచ్చు. దానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఇక మిగిలింది మన నోరు. పాత రోజులన్నీ మంచివని చెప్పలేం. ‘చిక్కిపోయావు’ అన్న అమ్మమ్మ మాట కూడా కొందరిని నొప్పించింది. బక్కోడు, ఈనుపుల్ల అని పిలిపించుకున్న పిల్లలకు ఆ సంగతి తెలుసు. అయితే ఆమె మాటలో రెండు ముక్కలున్నాయి. ఒకటి ఒంటి మీద వ్యాఖ్య, రెండోది తిండి సరిగ్గా పెడుతున్నారా అన్న ఆరా. మనం కాలంతో పాటు వ్యాఖ్యను తిరగేసి ఉంచుకున్నాం, ఆరాను వదిలేశాం. ఇకనైనా మొదటి ముక్కను పూర్తిగా విడిచిపెట్టి రెండోదాన్ని వెనక్కి తెచ్చుకుందాం. గుమ్మంలో నిలబడ్డ పిల్లను బరువు గురించి అడగొద్దు. తిన్నావా, నిద్రపడుతోందా, అక్కడ ఎలా ఉంది అని అడుగుదాం. ఆమె జవాబు చెప్పేదాకా ఆగుదాం.